రాత్రి అన్నం మానేసినా బరువు తగ్గట్లేదేం?

ప్రశ్న: రాత్రిపూట అన్నం మానేశానండీ. మొదటి వారం రెండు కిలోలు తగ్గాను, తర్వాత ముల్లు కదలడం లేదు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: టెన్షన్ ఎందుకమ్మా, మొదట పోయింది చాలావరకు నీళ్లే. అన్నం గ్లూకోజ్‌గా మారాక మిగిలినదాన్ని ఇన్సులిన్ సాయంతో శరీరం గ్లైకోజెన్ అనే నిల్వ పిండిపదార్థంగా దాచుకుంటుంది, కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా, పైగా ఒక్కో గ్రాముతో దాదాపు 3 గ్రాముల నీళ్లు కూడా ఉంటాయి, అన్నం తగ్గించగానే ముందు కరిగేది ఇదే. కొవ్వు మొండిది, గ్రాముకు 9 కేలరీలు, నింపాదిగా కరుగుతుంది. తిండి తగ్గితే ఒళ్లూ శక్తి ఖర్చు తగ్గించుకుంటుంది. రాత్రి కాస్త అన్నం తినండి, పప్పూ కూరా ఎక్కువ వేసుకోండి. సాయంత్రం ఆఫీసు కింద బజ్జీల సంగతి మాత్రం మీరు రాయలేదు!