కొత్త కణాలు వెతికే అమ్మాయికి కొలువు దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ) చేరి, ఆ తర్వాత జెనీవా దగ్గరి కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో పెంటాక్వార్కుల (ప్రోటాన్‌లో మూడు క్వార్కులుంటే వీటిలో ఐదు) వంటి వింత కణాలు వెతుకుతానంటోంది. మేము సీఎస్‌ఈ ఏఐ బ్రాంచి అనుకున్నాం. రెండూ పోల్చి చెప్పండి. ముప్పై ఏళ్లొచ్చినా స్థిరపడదేమోనని బెంగగా ఉంది.
- ఒక తండ్రి

జవాబు: పోలికకు ముందు మీ బెంగ సంగతి చూద్దాం. ముప్పై ఏళ్లంటే మీ మనసులో ఉన్నది జీతమా, పెళ్లా? అబ్బాయి ఎంటెక్ చేసి అమెరికాలో పీహెచ్‌డీ చేస్తానంటే ఇదే బెంగ పడేవారా? ఉత్తరంలో మా ఇష్టం, మా భయం అని రాశారు. అమ్మాయికి ఫిజిక్స్ ఎంత బాగా వస్తుందో ఒక్క ముక్క రాయలేదు. నేను మొదట అడిగేది అదే.

ఇక అమ్మాయికి చెప్పాల్సింది. వీడియోల్లో కనిపించే సెర్న్ మీద నాకు అనుమానాలున్నాయి. 27 కిలోమీటర్ల వలయంలో ప్రోటాన్లు ఢీకొనడం చూపిస్తారు; ఆ డేటాను ఏళ్ల తరబడి జల్లెడ పట్టే విద్యార్థిని చూపించరు. జపాన్‌లోని స్ప్రింగ్-8లో ఫోటాన్ పుంజంతో చేసిన ప్రయోగం 2003లో ఒక పెంటాక్వార్కు జాడ ప్రకటించింది. మరికొన్ని ప్రయోగశాలలూ తమకు కనిపించిందన్నాయి. 2005లో అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్ అంతకంటే చాలా ఎక్కువ డేటా తీసి చూస్తే ఏమీ లేదు. వేరే రకం పెంటాక్వార్కులను సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం గట్టి ఆధారంతో చూపింది 2015లోనే. మధ్యలో ఆ పని మీద పీహెచ్‌డీలు చేసినవాళ్లు ఏం కనిపెట్టారు? 'లేదు' అని. అదీ పీహెచ్‌డీయే. ఆ మాట రాయడానికి మీ అమ్మాయికి ఓపిక ఉందా?

సెర్న్‌లో పనిచేసే శాస్త్రవేత్తల్లో ఎక్కువమందికి జీతమిచ్చేది సెర్న్ కాదు, వాళ్ల వాళ్ల విశ్వవిద్యాలయాలు. భారత్ 2017 నుంచి అక్కడ అసోసియేట్ సభ్యదేశమైనా శాశ్వత ఉద్యోగాలు కొద్దే. ఆ మాటకొస్తే జెనీవా వెళ్లకుండానూ ఈ పనిలో చేరవచ్చు. జపాన్‌లోని బెల్-2 ప్రయోగంలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. 2003లో ఎక్స్(3872) అనే వింత కణాన్ని మొదట చూసింది దాని ముందటి ప్రయోగం బెల్. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ చేసే న్యూట్రినో (అతి తేలికైన కణం) ప్రయోగం నోవాలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పాల్గొంటోంది. ఐసర్ తిరుపతిలోనూ ఉంది.

డబ్బు విషయం: ఐసర్ ఐదేళ్లు, పీహెచ్‌డీ మరో ఐదారేళ్లు. పీహెచ్‌డీలో చేతి నుంచి పెట్టాల్సింది పెద్దగా ఉండదు. జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. తర్వాత పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), అధ్యాపక పోస్టుకు ఎదురుచూపులు. ఇది నిజంగా కష్టమైన దశ, దాచను. కానీ అప్పటికి ఆమెకు సీ++, పైథాన్, గణాంకశాస్త్రం, యంత్ర అభ్యసనం చేతిలో ఉంటాయి. వాటితో బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, వైద్య భౌతికశాస్త్రంలో కుదురుకున్నవాళ్లు ఉన్నారు. రోడ్డున పడదు.

సీఎస్‌ఈ ఏఐ గురించి: మంచి కళాశాలలో వస్తే మంచిదే. అలా రాక, లక్షలు పోసి పేరు చూసి కొనే సీటైతే నాకు ఇష్టం లేదు.

సెర్న్ తన ప్రయోగాల డేటా కొంత అందరికీ ఉచితంగా పెట్టింది. పరీక్షలయ్యాక, కౌన్సెలింగ్‌కు ముందు, అందులో జడ్ బోసాన్ అనే కణం శిఖరం (ఆ కణం ద్రవ్యరాశి దగ్గర గ్రాఫులో లేచే గుట్ట) గీసి చూపించమనండి. గ్రాఫు వచ్చేదాకా పట్టు వదలకపోతే ఐసర్‌కు పంపండి. మధ్యలోనే విసుగొస్తే ఆమే చెబుతుంది, మీరు ఒప్పించనక్కర్లేదు.