షామియానా కిందికి వెళ్లే ముందు

చి. బుజ్జికి బాబాయి ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. సిమెంటు ఫ్యాక్టరీ రెండో ఉత్పత్తి లైను వేస్తోందని, ప్రజాభిప్రాయ సేకరణ రోజు మైకు పట్టుకుని అందర్నీ కడిగేస్తానని అన్నావు. కడుగు, వద్దనను. కానీ నేను రెవెన్యూలో ఉన్నప్పుడు ఇలాంటి సభలకు షామియానాలు వేయించినవాణ్ణి. వేదిక పక్కన నిలబడి చాలా ఉపన్యాసాలు విన్నాను. రిటైరయ్యాక వేరే ఊళ్లో ఒకసారి నేనూ మాట్లాడాను. పావుగంట దంచాను, చప్పట్లు కొట్టారు. తర్వాత మినిట్స్, అంటే సభలో ఎవరేం మాట్లాడారో రాసే రికార్డు, తెప్పించి చూస్తే నా పేరు ఎదురుగా ఒక్క ముక్క ఉంది: దుమ్ము గురించి ప్రస్తావించారు, స్థానికులకు ఉద్యోగాలు కోరారు. ఉద్యోగాల మాట నేను ఎత్తనే లేదు! నా ముందు మాట్లాడినాయన అడిగింది నా ఖాతాలో పడింది.

ఆ రోజు నుంచి నాకు తెలిసొచ్చిందేమిటంటే, అక్కడ మనం మాట్లాడేది ఎదురుగా కూర్చున్న జనంతో కాదు. ఏడాదికి 10 లక్షల టన్నులు, ఆపైన తయారుచేసే సిమెంటు ప్లాంటు పర్యావరణ అనుమతి ఫైలు ఢిల్లీలో నిపుణుల కమిటీ ముందుకు వెళుతుంది. వాళ్ల బల్ల మీదికి చేరేవి మినిట్స్, వీడియో, మనం రాసిచ్చిన కాగితాలు. కలెక్టరుగారో, ఆయన తరఫున వచ్చే జేసీగారో సభ నడుపుతారు గానీ అనుమతి ఇవ్వడం, ఆపడం వాళ్ల చేతిలో లేదు. ఓటింగూ ఉండదు. ఈ అనుమతుల గురించి కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం కోరం కూడా అక్కర్లేదు, పదిమంది వచ్చినా సభ చెల్లుతుంది. అందుకే బహిష్కరిద్దాం అనేవాళ్ల మాట వినకు. మనం లేచిపోతే మన మాట రికార్డులో ఉండదు, అంతే.

పేపర్లో ప్రకటన వచ్చాక కనీసం 30 రోజులు టైముంటుంది. పంచాయతీ ఆఫీసుకో కలెక్టరేటుకో వెళ్లి పర్యావరణ నివేదిక చూడు. తెలుగులో ఉండేది సంక్షిప్త రూపమే, అసలు నివేదిక లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం. అంతా చదవక్కర్లేదు, గాలి గురించిన అధ్యాయం తియ్యి. చుట్టూ పది కిలోమీటర్ల మేర, వానాకాలం కాని ఒక సీజన్‌లో మూడు నెలలు గాలిని కొలిచి ఆ లెక్కలు ఇస్తారు. అందులో పువ్వు రేకుల్లాంటి బొమ్మ ఒకటి ఉంటుంది. గాలి ఎటునుంచి ఎంత వీస్తుందో చెప్పే బొమ్మ అది. దాన్ని మీ నాన్నకు చూపించు. జన్మంతా వడ్లు తూర్పారబట్టినవాడు, ఏ నెలలో గాలి ఎటు తిరుగుతుందో ఆయన్ని మించి చెప్పేవాళ్లెవరు? తర్వాత కొలిచే మిషన్లు ఎక్కడెక్కడ పెట్టారో మ్యాపులో చూడండి. దుమ్ము వచ్చి పడే వైపు ఒక్కటి పెట్టి, గాలికి ఎదురు వైపు నాలుగు పెడితే సగటు చక్కగానే వస్తుంది మరి.

పీఎం10 అనే, ఊపిరితో లోపలికి పోయే సన్నటి దుమ్ముకు 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. ఇప్పుడు ఎంతుంది, కొత్త లైను ఎంత కలుపుతుంది, పక్క ఫ్యాక్టరీలదీ లారీల రోడ్డుదీ లెక్కలోకి తీసుకున్నారా, మొత్తం కలిపితే 100 దాటుతుందా? ఇది అడుగు.

రాత్రిళ్లు దుమ్ము పట్టే మిషన్ ఆపేసి పొగ వదులుతున్నారని మనవాళ్లంతా అంటారు. అలా అంటే రుజువేది అంటారు వాళ్లు. కొలిమిలో కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే పేలకుండా ఈఎస్పీ, అంటే కరెంటుతో దుమ్ము పట్టే ఆ మిషన్, దానంతటదే ఆగిపోతుంది (దాన్నే ట్రిప్ అవడం అంటారు). అది రక్షణ కోసమే. కానీ ఆ కాసేపు దుమ్ము నేరుగా గొట్టంలోంచి బయటికొస్తుంది. కాబట్టి 'గడిచిన ఏడాదిలో ఈఎస్పీ ఎన్నిసార్లు ట్రిప్ అయింది, మొత్తం ఎన్ని నిమిషాలు, కొత్త లైనుకు గుడ్డ సంచుల్తో దుమ్ము వడగట్టే బ్యాగ్ ఫిల్టర్ పెడతారా' అని అడుగు. దీనికి అంకెల్లో జవాబు చెప్పాలి, తప్పించుకోవడం కష్టం. పాత అనుమతిలో పెట్టిన షరతులు ఎన్ని అమలయ్యాయో కూడా అడుగు. విస్తరణ కదా, ఆ లెక్క చూపించాల్సిందే.

ఇంకొకటి. మన కళ్లంలో మిరపకాయలు ఆరబోసిన పట్టా ఉంది చూడు, పొద్దున్నే దాని మీద వేలితో గీస్తే దుమ్ములో గీత పడుతుంది. అది రోజూ ఫోన్‌లో ఫొటో తియ్యి, తేదీ, టైము పడేలా. పదిహేను రోజులు చాలు. ఆ ఫొటోలు కాగితానికి జతచెయ్యి.

కాగితం ఒక పేజీ మించనివ్వకు. ఊరు, నీ పొలం ఫ్యాక్టరీ గోడకు ఎంత దూరమో మొదట రాయి, కింద నాలుగు ప్రశ్నలు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద కాలుష్య నియంత్రణ మండలివాళ్లతో సంతకం పెట్టించుకో. మైకులో అదే కాగితం చదువు. తిట్లు వద్దు, మీ సర్పంచి మీద కోపం అసలే వద్దు.

భోజనాల వేళకు జనం పలచబడతారు, నువ్వు మాత్రం కదలకు. ఆఖర్న మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలని రూలు ఉంది. చదవకపోతే చదవమని అడుగు. నీ ప్రశ్న తప్పుగా ఉంటే అక్కడే, కెమెరా ముందే దిద్దించు. నేను ఆ రోజు పొట్లం తీసుకుని ముందే బయటికొచ్చేశాను, అదే నా పొరపాటు. లేవనెత్తిన ప్రతి అంశానికీ కంపెనీ జవాబు రాసి తుది నివేదికలో చేర్చాలి. ఆ జవాబు ఎలా ఉందో మళ్లీ చూసుకోవాలి. అనుమతి వచ్చాక అన్యాయం జరిగిందనిపిస్తే పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రైబ్యునల్ చెన్నైలో ఉంది గానీ, గడువు 30 రోజులే. గట్టి కారణం చూపిస్తే ఇంకో 60 ఇస్తారు.

ఇంత చేస్తే ఏమొస్తుందిలే అనుకోకు. 2020లో ఈ నియమాలనే మార్చాలని కేంద్రం డ్రాఫ్టు తెచ్చింది. మన 30 రోజుల్ని 20 చేద్దామంది. ఇంగ్లిష్, హిందీల్లో పెట్టి అభిప్రాయాలు చెప్పమంటే, మిగతా భాషల్లోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. లక్షల అభ్యంతరాలు వెళ్లాయి. ఆ డ్రాఫ్టు అలాగే ఉండిపోయింది.

రాసింది ముందు నాకు వాట్సాప్‌లో పెట్టు, దిద్ది పంపిస్తా. మీ పిన్ని ఈసారీ కారానికి మన కాయలే కావాలంటోంది. పట్టా దులిపి ఆరబోయమని అమ్మతో చెప్పు.

మీ బాబాయి