బంతి ముట్టని ఆటగాడికి జట్టులో ఏం పని?

ప్రశ్న: 2024 పారిస్ పారాలింపిక్స్‌లో జపాన్, అమెరికా ఆడిన వీల్‌చెయిర్ రగ్బీ ఫైనల్ మా తమ్ముడితో కలిసి చూశాను. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని వాడి కాళ్లు కదలవు, వేళ్లు పట్టు నిలవవు. అయినా ఆ ఆట నేర్చుకుంటానంటున్నాడు. కుర్చీలు అలా గుద్దుకుంటుంటే నాకు ఒకటే టెన్షన్. పైగా కొందరు బంతిని ముట్టుకున్నట్టే లేదు. వీణ్ని తీసుకుని ఏం చేయిస్తారు? — ఓ అక్క

జవాబు: మీరన్న ఆ ‘కొందరి’లో నేనూ ఒకణ్ని. నాది 0.5 పాయింట్. బంతి నా ఒళ్లోకి ఒక్కసారీ రాకుండానే మా జట్టు గెలిచిన మ్యాచ్‌లున్నాయి.

ఒంట్లో ఎంత కదలిక ఉందో పరీక్షించి ప్రతి ఆటగాడికీ 0.5 నుంచి 3.5 దాకా పాయింట్లు ఇస్తారు. కదలిక తగ్గేకొద్దీ పాయింటూ తగ్గుతుంది. కోర్టులో ఉన్న నలుగురిదీ కలిపి 8 దాటకూడదు (మహిళ ఉంటే అర పాయింటు వెసులుబాటు). ఇద్దరు 3.5 వాళ్లను దింపితే ఏడు అయిపోయినట్టే. మిగిలిన ఒక్క పాయింటులో ఇద్దరు కావాలి. మేం లేకపోతే ఆ స్టార్లిద్దరూ ఒకేసారి కోర్టులో ఉండలేరు.

అలాగని లెక్క సరిచేయడానికి మమ్మల్ని కూర్చోబెట్టరు. నా కుర్చీకి ముందు కమ్మీ పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని ఎదుటివాడి కుర్చీకి తగిలించి ఆపేస్తాను. ఆస్ట్రేలియా ఆటగాడు రైలీ బాట్ లాంటివాణ్ని వెంటాడి పట్టుకోవడం మావల్ల కాదు. అతను ఎటు వెళ్తాడో పసిగట్టి, వేగం అందుకోకముందే దారికి అడ్డం పడాలి. బంతి ఉన్న జట్టు 12 సెకన్లలో సగం గీత దాటాలి, 40 సెకన్లలో గోల్ కొట్టాలి. అందులో ఐదు సెకన్లు తినేశానంటే నా జీతం నాకు ముట్టినట్టే. కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి ఇదంతా మీకు కనబడదు. జపాన్ మ్యాచ్ ఏదైనా దొరికితే, కురహాషి కాయె కోర్టులో ఉన్నంతసేపూ బంతిని వదిలేసి ఆమెనే చూడండి. ఆమెదీ 0.5 పాయింటే.

వేళ్ల సంగతంటారా, జిగురు పట్టించిన గ్లౌజులుంటాయి, ముంజేతులుంటాయి. బంతి ఒళ్లో ఉండగా రెండు చక్రాలు గోల్ గీత దాటితే గోలే.

ఢీకొట్టేది కుర్చీని, మనిషిని కాదు. ఒంటిని కొడితే ఫౌల్, వెనక చక్రం ఇరుసుకు వెనకగా కొట్టి కుర్చీని గిర్రున తిప్పేసినా ఫౌలే. పట్టీలతో బిగించి ఉంటాం కాబట్టి పడితే కుర్చీతో సహా పడతాం. సిబ్బంది వచ్చి లేపుతారు, ఆట సాగుతుంది.

మీరు నిజంగా భయపడాల్సింది వేడికి. మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్లకు చెమట సరిగా పట్టదు, ఒళ్లు చల్లబడదు. అందుకే విరామాల్లో మా మొహాల మీద నీళ్లు పిచికారీ చేస్తుంటారు. పట్టీ కింద చర్మం ఒరుసుకుపోయినా మాకు తెలియదు, ఆట అయ్యాక ఎవరో ఒకరు చూడాల్సిందే. మూత్రాశయం నిండినా చాలు, బీపీ ఒక్కసారిగా ఎగబాకి తల పగిలిపోతుంది. (అలా బీపీ పెరిగితే ఆట చురుగ్గా ఉంటుందని కావాలనే తెచ్చుకున్న ఘనులూ ఉన్నారు. ప్రాణం మీదికొచ్చే పని, పారాలింపిక్ కమిటీ నిషేధించింది.) బీపీ ఎగబాకే లక్షణాలు మీ తమ్ముడికి ఎలా మొదలవుతాయో డాక్టరు దగ్గర తెలుసుకుని, కోచ్‌కి ముందే చెప్పండి.

కుర్చీ మాత్రం ఇప్పుడే కొనకండి. అది మనిషి కొలతలకు, ఆడే స్థానానికి తగ్గట్టు చేయించుకునేది, ఖరీదూ ఎక్కువే. పాయింట్లు తేలేదాకా క్లబ్బు కుర్చీలోనే నేర్చుకోనివ్వండి.