మా అమ్మాయి మళ్ళీ జిరాక్స్ మెషిన్ దగ్గరికే వచ్చింది

ప్రశ్న: ఒంగోలులో రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట ఇరవై రెండేళ్ళుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. ప్రాజెక్టు కోసమని మా షాపు మెషిన్ మీదే బూడిద రంగు పట్టీలు ప్రింటు తీయడం, వాటినే మళ్ళీ స్కాన్ చేయడం, ఏవో లెక్కలు రాసుకోవడం చేస్తోంది. కాపీల్లో గ్రే ఛాయలు సరిగా వచ్చేలా చేయడమే తన సబ్జెక్టు అంటుంది, పైచదువు కూడా ఇమేజ్ ప్రాసెసింగ్‌లోనే చదువుతానంటుంది. తోటి పిల్లలేమో అమీర్‌పేటలో ఏఐ, డేటా సైన్స్ కోర్సుల్లో చేరుతున్నారు. ఫీజు రెండు లక్షలు. నేను అడ్వాన్సు కూడా కట్టాను. ఈ రెంటినీ పోల్చి ఏది మేలో చెప్పండి. నేను పడ్డ పాట్లు తను పడకూడదని ఇంజినీరింగ్ చదివిస్తే, మళ్ళీ జిరాక్స్ మెషిన్ దగ్గరికే వచ్చింది.

జవాబు: అయ్యా, మీరు పోల్చమన్న ప్రశ్న కంటే మీ చివరి వాక్యమే బరువుగా ఉంది. ఈ దిగులు నాకు కొత్త కాదు. మగ్గం నేసే తండ్రి కొడుకు టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ అన్నప్పుడు, రొయ్యల చెరువులో నష్టపోయిన తండ్రి కూతురు ఫిషరీస్ సైన్స్ అన్నప్పుడు, ఇదే దిగులు వేరే మాటల్లో నా దగ్గరికి వచ్చింది. పిల్లలు ఎంచుకున్న చదువులో తమ పాత కష్టం పేరు వినిపిస్తే చాలు, పెద్దవాళ్ళకు ఆ చదువు మీద నమ్మకం సడలిపోతుంది. జీతాల పట్టిక చూపించినా అది తీరేది కాదు కనుక, మీ అమ్మాయి మీ మెషిన్ మీద చేస్తున్న పని ఏమిటో ముందు చెబుతాను.

మీ మెషిన్‌లో పోసే టోనర్ నలుపు ఒక్కటే. బూడిద రంగు టోనర్ అందులో ఎక్కడా లేదు. అయినా ఆధార్ కార్డు కాపీలో జుట్టు నల్లగా, చెంపలు బూడిదగా కనిపిస్తున్నాయంటే, మెషిన్ సన్నటి నల్ల చుక్కలను ఒకచోట ఒత్తుగా, మరోచోట పలచగా పెట్టి మన కంటిని మభ్యపెడుతోందన్నమాట. స్కానర్ ప్రతి బిందువునూ సున్నా నుంచి 255 వరకు ఉన్న 256 ఛాయల్లో ఒకటిగా చదువుతుంది, ప్రింటరు మాత్రం చుక్క పెట్టడం, మానడం అనే రెండే పనులు చేయగలదు. ఈ రెంటికీ పొత్తు కుదర్చడమే మీ అమ్మాయి సబ్జెక్టు. అంగుళానికి 600 చుక్కలు పెట్టే మెషిన్‌లో అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది చుక్కలను ఒక గడిగా తీసుకుంటే 65 ఛాయలు దక్కుతాయి, కానీ అంగుళానికి 75 గడులే మిగులుతాయి. ఛాయలు చాలలేదని పదహారేసి చుక్కల గడి తీసుకుంటే 257 ఛాయలు వస్తాయి, గడులు మాత్రం అంగుళానికి ముప్పై ఏడున్నరకు పడిపోయి అక్షరాల అంచులు చెదిరిపోతాయి. మీ మెషిన్ మీద టెక్స్ట్‌కు ఒక మీట, ఫొటోకు ఒక మీట ఉండటం వెనుక ఉన్న ఇరకాటం ఇదే. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి దీనికి ఇంకో దారి చూపింది: ఒక బిందువు దగ్గర కావలసినదానికంటే నలుపు ఎక్కువో తక్కువో అయితే ఆ తేడాను పదహారు వంతులు చేసి, పక్క బిందువు ఖాతాలో ఏడు వంతులు, కింది వరుసలోని మూడు బిందువుల ఖాతాల్లో మూడు, ఐదు, ఒకటి చొప్పున రాస్తారు. చిల్లర లేనప్పుడు మీరు మిగిలిన రూపాయిని మరుసటి బేరంలో సర్దినట్టే.

ఇక మీరు విసుక్కుంటున్న ఆ పట్టీల సంగతి. కాగితం మీద పడ్డ టోనర్ చుక్క తనకు కేటాయించిన చోటిలో ఒదగదు, చుట్టూ కొంత పాకుతుంది. పైగా కాగితంలోకి దిగిన వెలుతురు చుక్క కింద చిక్కుకుని బయటికి రాదు కనుక, ఉన్న చుక్క ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఈ రెండో సంగతిని యూల్, నీల్సన్ 1951లోనే లెక్కగట్టారు. అందువల్ల మెషిన్‌ను సగం బూడిద అడిగితే అంతకంటే బాగా ముదురైన బూడిద వస్తుంది, ముదురు ఛాయలు అడిగితే అన్నీ కలిసి ఒకే నలుపవుతాయి. తెలుపు నుంచి నలుపు దాకా మెట్లు మెట్లుగా ఉన్న పట్టీని ప్రింటు తీసి, స్కాన్ చేసి, అడిగిన ఛాయ ఎంత, వచ్చిన ఛాయ ఎంత అని ఒక్కో మెట్టుకూ రాసుకుంటే ఒక వంపు గీత వస్తుంది. ఆ వంపును తిరగేసి 256 అంకెల పట్టికగా మెషిన్ లెక్కకు ముందు పెడితే, అడిగిన ఛాయ అడిగినట్టు వస్తుంది. కాగితం మారితే వంపు మారుతుంది, టోనర్ మారితే మారుతుంది, వానాకాలంలో గాలిలో చెమ్మ పెరిగితే కూడా మారుతుంది. మీ అమ్మాయి అన్నిసార్లు ప్రింటు తీయడం అందుకే.

మీ షాపుకు వచ్చే పాత పదో తరగతి మెమోను ఒకసారి తలచుకోండి. హెడ్‌మాస్టరు వేసిన ఊదా రంగు స్టాంపు వెలిసిపోయి ఉంటుంది, కాగితం పసుపెక్కి నాలుగు మడతల దగ్గర నలిగి ఉంటుంది. మామూలుగా కాపీ తీస్తే స్టాంపు మాయమవుతుంది. డార్క్ రెండు గీతలు పెంచితే స్టాంపు వస్తుంది కానీ దానితోపాటు మడతలు నల్ల చారలై, కాగితమంతా మురికి పట్టినట్టు వస్తుంది. అప్పుడు మీరు ఫొటో మీట నొక్కి, డార్క్ ఒక గీత తగ్గించి, వచ్చినవాడికి సర్దిచెప్పి పంపుతారు. కాగితపు పసుపును తెలుపులోకి నెట్టేసి, స్టాంపు ఉన్న నడిమి ఛాయలను మాత్రమే పైకి లేపడం డార్క్ మీట ఒక్కదానితో సాధ్యం కాదు, ఎందుకంటే అది అన్ని ఛాయలనూ ఒకేసారి కదుపుతుంది. సాధ్యమయ్యే చోటు మీ అమ్మాయి గీస్తున్న ఆ వంపు గీతలో ఉంది.

ఇదంతా జిరాక్స్ షాపులతోనే అయిపోయే విద్య అనుకోకండి. క్యాన్సిల్డ్ చెక్కును కాపీ తీసినప్పుడు, అసలు చెక్కు మీద కంటికి ఆనని ‘వాయిడ్’ అనో ‘కాపీ’ అనో ఒక మాట కాపీలో తేలడం మీరు చూసే ఉంటారు. ఆ మాటనూ దాని చుట్టూ ఉన్న నేపథ్యాన్నీ సమానమైన ఛాయ కనిపించేలా వేర్వేరు సైజు చుక్కలతో ముద్రిస్తారు. కాపీ మెషిన్ ఒక రకం చుక్కలను పట్టుకుని, మరో రకాన్ని వదిలేస్తుంది కనుక దాగిన మాట బయటపడుతుంది. చెక్ ట్రంకేషన్ (సీటీఎస్) పద్ధతిలో వాడే చెక్కులకు రిజర్వు బ్యాంకు పెట్టిన సీటీఎస్-2010 ప్రమాణాల్లో ఇది తప్పనిసరి. 2008 ఫిబ్రవరిలో ఢిల్లీలో మొదలైన ఆ చెక్ ట్రంకేషన్ పద్ధతిలో కాగితం చెక్కు ఊళ్ళు తిరగదు, దాని బొమ్మలు తిరుగుతాయి: ముందువైపు గ్రే బొమ్మ ఒకటి, ముందూ వెనుకా నలుపు-తెలుపు బొమ్మలు రెండు. ఏ ఛాయ దాటితే నలుపు, ఏ ఛాయ వరకు తెలుపు అని గ్రే నుంచి నలుపు-తెలుపు తేల్చే గీటు ఎక్కడ గీయాలన్న దాని మీద సంతకం నిలవడం, చెరిగిపోవడం ఆధారపడి ఉంటుంది.

మన భాషకు ఈ విద్య అవసరం మరీ ఎక్కువ. ద, ధల మధ్య, డ, ఢల మధ్య, ప, ఫల మధ్య ఉన్న తేడా అడుగున ఒక చిన్న గీత మాత్రమే. పాత దస్తావేజును నలుపు-తెలుపు చేసేటప్పుడు ఆ గీత పోయిందంటే ధనలక్ష్మి దనలక్ష్మి అవుతుంది. పేజీ మొత్తానికి ఒకే గీటు తేల్చే పద్ధతిని 1979లో జపాన్‌కు చెందిన ఒట్సు ఇచ్చారు, కుట్టు దగ్గర నీడ పడిన పేజీలకు అది చాలదని తరువాతివాళ్ళు చోటును బట్టి గీటు మార్చే పద్ధతులు తెచ్చారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో తెలుగు అచ్చును కంప్యూటరు చేత చదివించేందుకు పరిశోధకులు పనిచేశారు. అందులో మొదటి మెట్టు ఈ ఛాయల శుద్ధే.

ఇప్పుడు ఒక కఠినమైన మాట. కాపీ మెషిన్ల ఛాయల మీదే పనిచేసే ఉద్యోగాలు మన దేశంలో కొద్ది, అవి పెరిగే సూచనా లేదు. డిజిలాకర్ వచ్చాక కాపీలు తగ్గాయని మీ గల్లాపెట్టే మీకు చెబుతూ ఉంటుంది. మీ అమ్మాయి ఈ ప్రాజెక్టును ఇల్లుగా కాక గుమ్మంగా చూడాలి. ఇదే లెక్క మొబైల్ కెమెరాల్లో ఉంది, ఎక్స్‌రే చూసే వైద్యుల తెరల్లో ఉంది, పాత తాళపత్రాల డిజిటలీకరణలో ఉంది.

అమీర్‌పేట కోర్సు గురించి అడిగారు. ఏఐ మీద నాకు చిన్నచూపు లేదు. పాత పత్రాల నుంచి అక్షరాలను వేరుచేసే పోటీలు 2009లో మొదలైతే, 2017 నాటికి వాటిలో ముందు నిలిచినవి న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతులే. మీ అమ్మాయికి కూడా అవి నేర్చుకోక తప్పదు. నా అనుమానమంతా ఆరు నెలల్లో నూరు శాతం ఉద్యోగం అనే బోర్డు మీద. ఒకప్పుడు భారీ డేటాను సంభాళించే హడూప్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే చాలునని నేనే పిల్లలను పంపాను, దానికి ఇప్పటికీ నొచ్చుకుంటాను. వాళ్ళలో నిలదొక్కుకున్నవాళ్ళు డేటాబేస్‌ల లోతు ముందే తెలిసినవాళ్ళు, తక్కినవాళ్ళు మరుసటి ఏడాది మరో కోర్సుకు ఫీజు కట్టారు. ఈ కోర్సుల నుంచి వచ్చే రెజ్యూమెల్లో ప్రాజెక్టులు చూడండి: టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతుకుతారు, చేతిరాత అంకెలను ఎలా గుర్తించాలి. ఆ అంకెల సంచయంలో శిక్షణకు 60,000, పరీక్షకు 10,000 బొమ్మలున్నాయి, ఒక్కొక్కటి 28 గడులకు 28 గడులు. అవి మొదట నలుపు-తెలుపు బొమ్మలు. పరిమాణం కుదించినప్పుడు అంచులు మెత్తబడి గ్రే ఛాయలు వచ్చాయి. కోర్సు చేసిన ప్రతివాడూ ఆ ఫైలు తెరుస్తాడు, అందులో బూడిద రంగు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగినవాణ్ణి నేను ఇంటర్వ్యూ బల్ల దగ్గర చాలా అరుదుగా చూశాను. మీ అమ్మాయి అడుగుతుంది. పోలిక ఇంకా కావాలంటే, నాకు తోచినంతవరకు అది ఇంతే.

మీతో ఒక విషయంలో మాత్రం నాకు పేచీ ఉంది. ఆమెను అడగకుండా అడ్వాన్సు కట్టేసి, ఆ తరువాత ఏది మేలని నన్ను అడగడం ఏమి పద్ధతి? ఇరవై ఏళ్ళ పిల్ల, తన ప్రాజెక్టును తానే ఎంచుకుని, మీ షాపులోనే సమస్యను కనిపెట్టి, దాన్ని కొలిచే దారి వెతుక్కున్న పిల్ల, మీ కళ్ళకు పట్టీలు ప్రింటు తీసే మనిషిగా మాత్రమే కనిపించింది. మీరు పడ్డ పాట్లు మెషిన్ తెచ్చినవి కావు. అద్దె, కరెంటు బిల్లు, పేజీకి పైసలు తగ్గించమనే బేరం తెచ్చినవి. అవేవీ ఆమె చదువులో లేవు. అడ్వాన్సు తిరిగి ఇస్తారేమో అడగండి, ఇవ్వకపోతే ఆ నష్టాన్ని ఆమె మీద రుద్దకండి.

గేట్ సంగతి మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది కనుక విస్తరించను. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐలకు వేరే పేపరు ఉంది, రెండు లక్షలు కట్టకుండా ఆ దారిలో వెళ్ళాలనుకున్నా వెళ్ళవచ్చు. ఈ సెలవుల్లో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టి చేసుకుని, పైథాన్‌తోపాటు సీ ప్లస్ ప్లస్ కూడా నేర్చుకోమనండి. మాస్టర్స్‌కు ముందు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల ప్రయత్నించాలి. అమెరికాలో రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఇమేజింగ్ సైన్స్ అనే పేరుతోనే డిగ్రీలున్నాయి, కానీ ఫెలోషిప్పు దొరక్కుండా షాపు తాకట్టు పెట్టి పంపడం నాకు ఇష్టం లేదు.

చివరిగా ఒక ఉపకారం చేయండి. ఆమె కొలతలు తీసుకునే వారంలో ఆ మెషిన్‌లో టోనర్ గానీ డ్రమ్ము గానీ మార్చకండి, గిరాకీ కోసం డార్క్ మీట కదిపితే తిరిగి పాత గీతకే తెచ్చిపెట్టండి. మార్చక తప్పకపోతే ఆ తేదీని ఆమె నోటుపుస్తకంలో రాయించండి, లేదంటే ముందు తీసిన పట్టీలకూ తరువాత తీసినవాటికీ పొంతన కుదరక ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.