అన్నయ్య ఫోన్‌లో ఎందుకు మాట్లాడడు?

ప్రశ్న: మా అన్నయ్య ఆర్మీలో మేజర్ అండి, ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో సౌత్ సూడాన్‌లోని మలకాల్ వెళ్ళాడు, ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు, అమ్మ ఒకటే బెంగ. అక్కడ రోజంతా ఏం పని?

జవాబు: నేనూ అక్కడ చేసొచ్చినవాణ్ణే తల్లీ. పొద్దున్నే నీలం టోపీ పెట్టుకుని తెల్ల బండ్లలో పెట్రోలింగ్, ఊరి పెద్దలతో మాటలు, శిబిరంలో తలదాచుకున్న జనానికి కాపలా, ఆపైన రిపోర్టులు. వానాకాలం వస్తే మన నల్లరేగడి లాంటి మట్టే, బండి దిగబడిందంటే ఆఫీసరైనా మోకాళ్ళ దాకా బురదలో దిగి తొయ్యాల్సిందే, ఇంక మాట్లాడే ఓపిక ఎక్కడుంటుంది చెప్పు. పైగా అక్కడ టైం మనకన్నా మూడున్నర గంటలు వెనక, మీరు రాత్రి 9కి చేస్తే వాళ్ళకి సాయంత్రం 5:30, డ్యూటీలోనే ఉంటాడు. అమ్మగారిని కాస్త మేలుకోమని 11కి చేసి చూడండి.