బండిలో కూలెంట్ తగ్గుతోందంటే ముందు మీరు పోసిన నీళ్ళను అనుమానించండి

తన పికప్‌లో కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, వారానికి దాదాపు లీటరు తగ్గిపోతోందనీ, షెడ్డులో చూపిస్తే రేడియేటర్ (ఆ ద్రవాన్ని గాలికి చల్లార్చే భాగం) మార్చాల్సిందేనని అంటున్నారనీ, దీన్ని ఇంటి దగ్గరే బాగుచేసుకునే వీలుందా అనీ ఒక సోదరుడు ఇక్కడ అడిగారు. వీలుంది. నేను చేసుకున్నాను. అయితే ఎక్కడ కారుతోందో తేల్చుకునే ముందు, ఇన్నాళ్ళూ అందులో ఏ నీళ్ళు పోశారో ఒకసారి గుర్తు చేసుకోమని ఆయనను కోరుతున్నాను, ఎందుకంటే మన కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో బండ్ల రేడియేటర్లు చెడిపోయేది బోరు నీళ్ళ వల్లనేనని నా గట్టి నమ్మకం.

మాది మైదుకూరు దగ్గర పల్లె. పసుపు, ఎర్రగడ్డలు పండిస్తాము. సొంత సరుకుతో పాటు ఊరివాళ్ళ సరుకు కూడా నా పికప్‌లోనే మార్కెట్లకు తోలుతుంటాను. 2019లో ఉగాది దాటినప్పటి నుంచి బండిలో కూలెంట్ డబ్బా మట్టం తగ్గుతూ వచ్చింది. ఒక షెడ్డులో చూపిస్తే ఇంజన్ పైనుంచి రేడియేటర్‌కు వచ్చే హోస్ పైపు పాతబడిందని చెప్పి కొత్తది వేశారు. పది రోజులకు మళ్ళీ తగ్గడం మొదలైంది. కోతల కాలం కావడంతో నేను పట్టించుకోలేదు. పొద్దున్నే తోట దగ్గర బోరు కింద బిందె పట్టి, తగ్గినంత మేరకు నింపుకుని బయలుదేరేవాణ్ణి. నెల రోజుల పాటు ఇదే పని జరిగింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం ముప్పై బస్తాల ఎర్రగడ్డలతో రాయచోటికి బయలుదేరాను. పక్కన నా మేనల్లుడు కూర్చున్నాడు. కడప దాటి గువ్వలచెరువు ఘాటు ఎక్కడం మొదలుపెట్టాక, రెండో గేరులో బండి మూలుగుతూ వెళ్తుండగా వేడి చూపే ముల్లు పైకి లేచింది. ఎక్కడైనా వెడల్పుగా ఉన్నచోట ఆపుదామని చూస్తుండగానే ఆ ముల్లు దానంతట అదే కిందికి దిగిపోయింది. గాలి తగిలి ఇంజన్ చల్లబడిందనుకుని ఇంకొక మలుపు వరకు నడిపాను. నేను చేసిన పెద్ద పొరపాటు అదే. వేడిని కొలిచే సెన్సర్ నీళ్ళలో మునిగి ఉన్నంతవరకే సరైన లెక్క చెబుతుంది, నీటిమట్టం దానికంటే కిందికి పడిపోయి చుట్టూ ఆవిరీ గాలీ మిగిలాక అది తక్కువ చూపినా చూపవచ్చు. అందుచేత ఎక్కుడులో ముల్లు పైకి పోయి ఉన్నట్టుండి కిందికి వచ్చిందంటే సంతోషించకూడదు, ఆ క్షణమే ఇంజన్ ఆపాలి.

మలుపు తిరిగేసరికి బానెట్ కింది నుంచి ఆవిరి తెల్లగా ఎగజిమ్మింది. బండి ఆపి చక్రాల కింద రాళ్ళు పెట్టేలోపే మేనల్లుడు తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు. "రేయ్, ముట్టుకోవద్దురా" అని అరుస్తూ వెళ్ళి వాణ్ణి వెనక్కి లాగాను. ఆ మూత మామూలు బిరడా కాదు. లోపల ఒత్తిడిని నిలిపే స్ప్రింగు వాల్వు అందులో ఉంటుంది. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండే అసలు రసాయనం) కలిపిన కూలెంట్ మామూలు ఒత్తిడిలో సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మూత ఒత్తిడిని సరిగా నిలిపితే 125 దాటాక గానీ మరగదు. అంత వేడి ద్రవం మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, అదంతా ఒకే క్షణంలో మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. తువ్వాలు దాన్ని ఆపలేదు. పై హోసు పట్టుకుంటే చెయ్యి కాలనంతగా చల్లబడేవరకు ఆగాల్సిందే, మేము ఆ ఎండలో ముక్కాలు గంట ఆగాము.

ఆ మధ్యలో కర్నూలు వైపు నుంచి వస్తున్న ఒక లారీ డ్రైవరన్న ఆగి, క్యాను నిండా నీళ్ళు ఇచ్చి, వంగి చూసి, "అన్నా, పసుపు ఉంటే రొండు పిడికిళ్ళు పొయ్యి, పట్టుకుంటాది" అన్నాడు. రాయచోటిలో ఉన్న మా చెల్లెలికి ఇవ్వమని అమ్మ కట్టి పంపిన పసుపు మూట బండిలోనే ఉంది. ఇంజన్ బాగా చల్లారాక నీళ్ళు నిదానంగా పోసి, పసుపు కలిపి, బండి తీశాము. కారడం నిజంగానే తగ్గింది. పైన పాలకోవా అంగళ్ళ దగ్గర మళ్ళీ ఒకసారి ఆపి నీళ్ళు నింపి, చీకటి పడేలోపు రాయచోటి చేరాము. బానెట్ తెరిచినప్పుడల్లా మా ఊళ్ళో కళ్ళాల దగ్గర పసుపు కొమ్ములు ఉడకబెట్టేటప్పుడు వచ్చే వాసనే వచ్చింది. ఆ డ్రైవరన్న చేసిన సాయాన్ని నేను ఈ రోజుకీ మరచిపోలేదు.

కానీ పసుపు వైద్యం ఊరు చేరడానికి మాత్రమే. పసుపు పొడి నీళ్ళతో పాటు సన్నని సందులోకి వెళ్ళి, ఉబ్బి, అక్కడ చిక్కుకుని దాన్ని మూస్తుంది. కారే సందు ఏదో, రేడియేటర్ లోపలి సన్నని గొట్టం ఏదో దానికి తెలియదు, రెండింటినీ మూస్తుంది. అంగళ్ళలో లీకులు ఆపుతాయని అమ్మే పొడులకూ, మందులకూ ఈ ప్రమాదం ఉంది. నేను ఇంటికి వచ్చాక వెంటనే కడిగించకుండా మరో మూడు వారాలు అలాగే తిప్పాను. అప్పటికి చదును రోడ్డు మీద, లోడు లేకుండా కూడా బండి వేడెక్కడం మొదలైంది.

మళ్ళీ షెడ్డుకు తీసుకువెళితే, చెయ్యి కూడా పెట్టి చూడకుండా, రేడియేటర్ మార్చాలన్నారు, తొమ్మిది వేలకు పైగా లెక్క చెప్పారు. పరీక్ష చేయకుండా పెద్ద సామాను మార్చమనే ఈ అలవాటు నన్ను ఎంతగానో బాధపెడుతుంది. వారంలో వచ్చే కిరాయిలన్నీ కలిపినా ఆ సొమ్ము కాని రైతులు బండ్లు నడుపుతున్నారు, వాళ్ళతో చెప్పే మాట ఒకసారి సరిచూసుకుని చెప్పాలి.

రేడియేటర్‌ను నేనే విప్పి, కడపలో ముప్పై ఏళ్ళుగా రేడియేటర్ల పనే చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకువెళ్ళాను. ఆయన దాని మూతులన్నీ రబ్బరు బిరడాలతో బిగించి, ఒక మూతి గుండా కొద్దిగా గాలి ఎక్కించి, నీళ్ళ తొట్టిలో ముంచాడు. ఒక్క బుడగ రాలేదు. "నాయనా, దీంట్లో చిల్లి లేదు. పూడిపోయిండాది, అంతే. కారేది ఇంకో తావున, పోయి సూసుకో" అని చెప్పి, పరీక్షకు అడిగినంత ఇస్తే అందులోనూ సగం వెనక్కి ఇచ్చాడు. ఇత్తడి, రాగి రేడియేటర్లు ఉన్న రోజుల్లో చిల్లి పడితే ఆయన టంకం వేసి ఒక పూటలో ఇచ్చేవాడట. ఇప్పటి రేడియేటర్లలో మధ్యభాగం అల్యూమినియం, రెండు చివర్ల ట్యాంకులు ప్లాస్టిక్. ఆ ప్లాస్టిక్ పగిలినా, రెండూ కలిసే చోట రబ్బరు అతుకు పోయినా పాత టంకం పనికిరాదు. బరువు తగ్గిందంటారు, ధర తగ్గిందంటారు, కానీ బాగుచేసుకునే సామానును పారేసే సామానుగా మార్చడం రైతుకు నష్టమేనని నేను అంటాను.

ఇంటికి వచ్చి, ఆదివారం పొద్దున ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు షెడ్డువాళ్ళు వేసిన కొత్త హోసు విప్పాను. ఇంజన్ వేడెక్కేవరకు నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వును థర్మోస్టాట్ అంటారు, అది ఉండే అల్యూమినియం గూటికి ఒక మూతి ఉంటుంది, హోసు దాని మీదికే ఎక్కుతుంది. ఆ మూతి చుట్టూ సున్నం పెచ్చులు కట్టి ఉన్నాయి. వాటిని గోకితే కింద లోహం అమ్మవారు పోసిన మొహంలా గుంటలు పడి కనిపించింది. ఆ గుంటల మీద ఎంత కొత్త హోసు ఎక్కించినా సందు మిగులుతుంది, ఒత్తిడి పెరిగినప్పుడు నీళ్ళు ఆ సందులోంచి చెమటలా కారి, వేడికి ఆవిరైపోయి, నేల మీద చుక్క కూడా కనిపించకుండా పోతాయి. పైగా సందు ఉన్నంతకాలం ఒత్తిడి నిలవదు, ఒత్తిడి లేనప్పుడు మామూలు నీళ్ళు వంద డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. చిన్న లీకును చిన్నదని వదిలేయకూడదని నేను చెప్పేది ఇందుకే.

ఆ గుంటలు బోరు నీళ్ళు చేసిన పనే. మన బోర్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీళ్ళు వేడెక్కినప్పుడు అవి గట్టిపడి లోపలి గోడలకు సున్నంలా పేరుకుంటాయి, ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా కనిపించేది అదే. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. కూలెంట్‌లో లోహం తినిపోకుండా కాపాడే మందులు కలిపి ఉంటాయి, రోజూ బోరు నీళ్ళు పోసి దాన్ని పలుచన చేస్తే ఆ రక్షణ కూడా పోతుంది. మనకు గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంట్ ఎందుకు, నీళ్ళు చాలవా అని మా ఊళ్ళో చాలామంది అంటారు. తుప్పు పట్టకుండా, మరగకుండా ఉండడానికి మన ఎండల్లోనే అది ఎక్కువ అవసరం.

హోసును విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకూడదు, అలా చేస్తే రేడియేటర్ వైపు ప్లాస్టిక్ మూతి విరుగుతుంది. చేత్తో అటూ ఇటూ మెలిపెట్టాలి, రాకపోతే హోసునే నిలువునా కోసి తీయాలి, మూతి కంటే హోసు చవక. నేను అల్యూమినియం మూతిని సన్నని ఉప్పు కాగితంతో, వేలితో తడిమితే ఎక్కడా తగలనంతవరకు ఓపికగా రుద్దాను. నా బండిలో గుంటలు పైపైనే ఉండడం వల్ల అది సరిపోయింది, లోతుగా ఉంటే ఆ గూడునే కొత్తది వేసుకోవాలి, దాని కింద అతుకు కారకుండా పెట్టే గాస్కెట్ కూడా మార్చాలి. కొత్త హోసు లోపల సబ్బు నీళ్ళు రాసి, చివరి వరకు ఎక్కించి, క్లిప్పును మూతి అంచున ఉండే గట్టుకు వెనుక బిగించాను. షెడ్డులో బిగించిన క్లిప్పు సరిగ్గా ఆ గట్టు మీదే ఉంది, అక్కడ ఉన్న క్లిప్పు ఎంత తిప్పినా పట్టదు. రేడియేటర్ మూత రబ్బరు కూడా ఎండిపోయి ఉంటే అదే ఒత్తిడి గుర్తు ఉన్న మూత తెచ్చి మార్చాను.

రేడియేటర్ బిగించే ముందు కింది మూతి నుంచి పైకి, అంటే రోజూ పారే దారికి ఎదురుగా, నీళ్ళ పైపు పెట్టి కడిగాను. మొదట ముద్దలు వచ్చాయి, తరువాత ఎర్రటి నీళ్ళు వచ్చాయి. నేను అదంతా తుప్పేనని అనుకుంటుంటే, అమ్మ అరుగు మీద నుంచి చూసి, "పసుపులో సున్నం పడితే పారాణి కాదా" అంది. తుప్పు కూడా కలిసే ఉంటుంది, ఆ ఎరుపులో సున్నం పాలు ఎంతో నేను తేల్చి చెప్పలేను. నీళ్ళు తేటపడేసరికి మధ్యాహ్నం దాటింది. చివరగా ఇంజన్‌లోనూ రేడియేటర్‌లోనూ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ నీళ్ళు తిప్పి వంపేశాను.

విప్పినప్పుడు పట్టిన పాత కూలెంట్‌ను క్యానులో పోసి గట్టిగా మూత పెట్టాలి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ చిన్నపిల్లలూ నాకితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంటి ముందు కాలువలోకి వంపేసేవాళ్ళను చూస్తే నాకు కోపం ఆగదు.

కొత్తగా పోసేటప్పుడు డిస్టిల్డ్ నీళ్ళు సగం, కూలెంట్ సగం కలిపి సన్నని ధారగా పోశాను. కలిపి అమ్మే రకమైతే నీళ్ళు చేర్చనక్కర్లేదు. పేరూ చీటీ లేని క్యానుల్లో పచ్చరంగు నీళ్ళను కూలెంట్ అని అమ్మే అంగళ్ళు మన దగ్గర ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. నింపాక మూత తీసి ఉంచే ఇంజన్ ఆడించి, పై హోసును మెల్లగా పిసుకుతూ ఉంటే లోపలి గాలి బుడగలుగా పైకి వస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకుని పై హోసు వేడెక్కగానే మట్టం ఒక్కసారి దిగుతుంది, అప్పుడు మళ్ళీ నింపి మూత బిగించాలి. ఈ పనికి తొందర పనికిరాదు, లోపల గాలి మిగిలితే లీకు లేకపోయినా బండి వేడెక్కుతుంది.

అడిగిన సోదరుడికి నా సలహా ఇది. ఈ రాత్రి బండిని చదునైన చోట నిలిపి కింద పెద్ద అట్ట పరచండి. పొద్దున తడి రేడియేటర్ కింద ఉంటే కింది హోసూ, వంపుడు బిరడా, ప్లాస్టిక్ ట్యాంకు అతుకూ చూడండి. బెల్టు కింద ఉంటే, కూలెంట్‌ను ఇంజన్‌లో తిప్పే వాటర్ పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి కారుతోందంటే పంపు సీలు పోయినట్టే, పంపు మార్చాలి. అట్ట పొడిగా ఉంటే టార్చిలైటుతో హోసు మూతుల చుట్టూ తెల్లటి, పచ్చటి పెచ్చుల కోసం వెతకండి, నా బండిలో దొరికింది అక్కడే. ఇవేవీ కాకుండా ఇంజన్ ఆయిలు మజ్జిగలా మారినా, పొగగొట్టం నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ వదలకుండా వస్తున్నా, చల్లని ఇంజన్‌ను మూత తీసి ఆడించినప్పుడు రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్డు కింది అతుకు, పోయి ఉంటుంది. ఆ పని మాత్రం ఇంటి దగ్గర పెట్టుకోకండి, బండిని నడపకుండా కట్టి లాక్కుని వెళ్ళి, హెడ్డు విప్పడం బాగా తెలిసిన మేస్త్రీకి అప్పగించండి.