గడియారం 9 నిమిషాలంటుంది, రాకెట్ గంట దాకా లేవదు

నాసా అంతరిక్ష షటిళ్లు (అట్లాంటిస్, ఎండెవర్, డిస్కవరీ వగైరా) 2011లోనే ఎగరడం మానేశాయి. అయినా వాటి పాత వీడియోలు చూసి పాఠకులు అడుగుతూనే ఉన్నారు. ఈసారి ఎక్కువ ప్రశ్నలు వాయిదాల మీదే వచ్చాయి.

ప్రశ్న: అట్లాంటిస్ చివరి ప్రయోగం పూర్తి వీడియో చూశాను. గడియారం 9 నిమిషాల దగ్గర చాలాసేపు ఆగిపోయింది. ఏం పాడైంది? (ఖమ్మం)

జవాబు: ఏమీ పాడవలేదు. అక్కడ ఆగాలని ముందే రాసిపెట్టుకున్నారు. షటిల్ కౌంట్‌డౌన్ గడియారం 43 గంటల దగ్గర మొదలయ్యేది. నిజానికి ఆ క్షణం నుంచి రాకెట్ లేచేదాకా 70 గంటలు పట్టేది. మధ్యలో ఉన్న 27 గంటలూ కావాలని పెట్టుకున్న విరామాలే. వీటిని హోల్డ్‌లంటారు. వెనకబడిన పనులు ఆ ఖాళీలో పూర్తవుతాయి. పని వెనకబడకపోయినా హోల్డ్ దాని సమయం అది తీసుకుంటుంది.

చివరి రెండూ గుర్తుంచుకుంటే చాలు: 20 నిమిషాల దగ్గర 10 నిమిషాలు, 9 నిమిషాల దగ్గర సుమారు 45 నిమిషాలు. అంటే గడియారం 20 నిమిషాలు చూపిస్తూ ఆగినప్పుడు మీ చేతిలో గంటంపావు ఉన్నట్టు. వ్యాఖ్యాత ‘టీ మైనస్’ అంటే అది ఆగిపోగల గడియారం, ‘ఎల్ మైనస్’ అంటే అసలు మిగిలిన సమయం. ఇళ్లలో కూర్చుని చూసేవాళ్లకు రెండోదే పనికొస్తుంది.

9 నిమిషాల దగ్గర లాంచ్ డైరెక్టర్ ఒక్కో విభాగాన్నీ అడిగి, అందరూ సరేనన్నాకే గడియారాన్ని వదులుతారు. అక్కణ్నుంచి పని నేలమీది కంప్యూటర్‌ది. ఏడున్నర నిమిషాలప్పుడు వ్యోమగాములు ఎక్కిన వంతెన పక్కకు తిరుగుతుంది. 5 నిమిషాలప్పుడు హైడ్రాలిక్ ఒత్తిడినిచ్చే మూడు యూనిట్లు మొదలవుతాయి. అవి హైడ్రజీన్ తాగుతాయి, ఆ ఇంధనం కొంతే ఉంటుంది. కాబట్టి ఆ తర్వాత ఎక్కువసేపు ఆగడానికి వీల్లేదు. 31 సెకన్ల దగ్గర పగ్గాలు షటిల్ సొంత కంప్యూటర్ల చేతికి పోతాయి. ఆ గీత దాటాక ఏదైనా ఆపితే, గడియారాన్ని 20 నిమిషాలకు వెనక్కి తిప్పడమో, ఆ రోజుకు మానుకోవడమో తప్ప మూడో దారి లేదు.

అట్లాంటిస్ వీడియోలో అసలైన ఆలస్యం మీరు గమనించారో లేదో. 2011 జులై 8న గడియారం సరిగ్గా 31 సెకన్ల దగ్గర ఆగింది. షటిల్‌కు తగిలించిన పెద్ద ఇంధన ట్యాంకు కొనమీద ఉండే ఆక్సిజన్ ఆవిరి గొట్టపు చేయి పూర్తిగా వెనక్కి వెళ్లిందన్న సంకేతం అందలేదు. కెమెరాలో చూసి నిర్ధారించుకుని వదిలారు. ఆ రోజు ప్రయోగ గడువుకు ఇంకా 58 సెకన్లు ఉండగా లేచింది. మన సమయం రాత్రి 8:59.

ప్రశ్న: వాయిదా పడితే మర్నాడు అదే సమయానికి పంపవచ్చు కదా, వేళ ఎందుకు మారుస్తారు? (డల్లాస్)

జవాబు: అంతరిక్ష కేంద్రాన్ని అందుకోవాలంటే, దాని కక్ష్యా తలం (అది తిరిగే దారి ఉండే తలం) ఫ్లోరిడాలోని ప్రయోగ వేదిక, అంటే ప్యాడ్ మీదుగా పోయే వేళకే లేవాలి. అటూ ఇటూ ఐదేసి నిమిషాలు, మొత్తం 10 నిమిషాల కిటికీ. ఆ తలం రోజూ కాస్త పడమటికి జరుగుతుంది కాబట్టి కిటికీ రోజుకు సుమారు 24 నిమిషాలు ముందుకొస్తుంది. 2009 జూన్ 13న ఎండెవర్‌కు పెట్టిన వేళ ఉదయం 7:17, నాలుగు రోజుల తర్వాత 17న అది 5:40 అయింది. లెక్క సరిపోతుంది చూడండి. వేసవిలో ఫ్లోరిడా సమయానికి తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది.

ప్రశ్న: ఎప్పుడు చూసినా హైడ్రోజన్ లీకే అంటారు. ముందే పరీక్షించుకోలేరా? (విజయవాడ)

జవాబు: మామూలు వేడిలో పరీక్షిస్తే అన్నీ బాగానే ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉంది. ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలికి లోహాలు ఒక్కోటి ఒక్కో కొలతలో కుంచించుకుపోతాయి, సీలు బిరుసెక్కుతుంది, వెంట్రుకవాసి సందు తెరుచుకుంటుంది. హైడ్రోజన్ అణువు అన్నిటికన్నా చిన్నది, ఆ సందు దానికి చాలు. నిజంగా ట్యాంకు నింపితే తప్ప లీకు బయటపడదు.

నేను పైన చెప్పిన ఎండెవర్ సంగతే తీసుకోండి. ట్యాంకులో మరిగిన హైడ్రోజన్ వాయువును దూరంగా తీసుకెళ్లి కాల్చేసే గొట్టం, ట్యాంకు పక్కన ఒక పలకకు తగులుకుని ఉంటుంది. ట్యాంకు నిండే దశలో అక్కడ లీకు కనిపించింది. హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే అంటుకుంటుంది. హద్దూ అదే. సీలు మార్చి జూన్ 17న మళ్లీ నింపారు, మళ్లీ అక్కడే లీకు. చివరికి తేలిందేమంటే సీలు తప్పు కాదు, పలకే రవ్వంత వంకరగా కూర్చుంది. గట్టి సీలు తీసేసి రెండు భాగాల మెత్తటి సీలు పెట్టి, ప్రత్యేక వాషర్లతో సర్ది, జులై 1న ఉత్తుత్తిగా ట్యాంకు నింపి చూశారు. లీకు లేదు. ఈలోగా అంతరిక్ష కేంద్రం మీద ఎండ పడే కోణం సరిపడక జులై 11 దాకా ఆగాల్సొచ్చింది, ఆపైన పిడుగులు. లేచింది జులై 15న, ఆరో ప్రయత్నంలో.

చల్లబడితేనే బయటపడే ఇంకో జబ్బు సెన్సర్లది. ట్యాంకు అడుగున హైడ్రోజన్ అయిపోవస్తోందని చెప్పేవి నాలుగుండేవి. హైడ్రోజన్ ముందు అయిపోయి ఆక్సిజన్ మిగిలితే ఇంజినే కాలిపోతుంది, అందుకే వాటి మీద అంత పట్టుదల. 2007 డిసెంబరులో అట్లాంటిస్‌ను ఇవి రెండుసార్లు ఆపాయి. తీరా చూస్తే సెన్సర్లలో లోపం లేదు. ట్యాంకు గోడ గుండా తీగలు పోయే కనెక్టరులో, చలికి పిన్నులు పట్టు వదులుతున్నాయి. పిన్నులకు టంకం వేశాక ఆ గొడవ పోయింది. వాయిదాలంటే జనం వాతావరణాన్నే తిడతారు గానీ, వాన ఒకట్రెండు రోజులు మింగితే హైడ్రోజన్ వారాలు మింగేది. షటిల్ పోయినా ఈ జబ్బు పోలేదు. 2022 సెప్టెంబరు 3న నాసా చంద్రుడి వైపు పంపబోయిన ఆర్టెమిస్ 1ను ఆపింది కూడా హైడ్రోజన్ నింపే గొట్టపు అతుకే.

ప్రశ్న: వడ్రంగిపిట్ట షటిల్‌ను ఆపిందన్నది నిజమా? (కరీంనగర్)

జవాబు: నిజమే. 1995లో డిస్కవరీ ట్యాంకు మీది నురుగు పూతకు వడ్రంగిపిట్టలు బొక్కలు పొడిచాయి. ప్యాడ్ మీద చేయి అందని చోట్లుండటంతో షెడ్డుకు వెనక్కి తెచ్చి పూడ్చారు. జూన్‌లో వెళ్లాల్సింది జులై 13న వెళ్లింది. ఆ తర్వాత ప్యాడ్ దగ్గర గుడ్లగూబ బొమ్మలు పెట్టారు.

ప్రశ్న: ‘వాతావరణం 60 శాతం అనుకూలం’ అంటే వాన పడే అవకాశం 40 శాతమనా? (నెల్లూరు)

జవాబు: కాదు. ప్రయోగ వేళకు ఏదో ఒక నిబంధన ఉల్లంఘన అయ్యే అవకాశం 40 శాతమని. వాన చుక్క పడకపోయినా ఆ నిబంధనలు దెబ్బతినవచ్చు. గత అరగంటలో 10 నాటికల్ మైళ్ల లోపు మెరుపు ఉండకూడదు. రాకెట్ పొగ తీగలా పనిచేసి, మెరుపు లేని మబ్బు నుంచి కూడా పిడుగును లాక్కొస్తుంది. 1969లో అపోలో 12కు అలాగే జరిగింది. ఇంజిను చెడితే షటిల్ వెనక్కి వచ్చి దిగాలి కాబట్టి ఫ్లోరిడాలోని కెనడీ కేంద్రం రన్‌వే చుట్టూ 20 నాటికల్ మైళ్లు బాగుండాలి. సముద్రం దాటి దిగడానికి స్పెయిన్‌లో సారగోసా, మొరోన్, ఫ్రాన్స్‌లో ఇస్ట్ర్ ఉండేవి. వాటిలో ఒక్కటైనా తెరిపిగా ఉండాలి. ఫ్లోరిడాలో ఎండ కాస్తున్నా ఐరోపా మబ్బుల వల్ల ఆగిపోవచ్చన్నమాట.

ప్రశ్న: ఇంజిన్లు వెలిగాక ఆపిన సందర్భాలున్నాయా? (హైదరాబాద్)

జవాబు: ఐదు. మూడు ప్రధాన ఇంజిన్లూ 6.6 సెకన్ల ముందు వెలుగుతాయి, కంప్యూటర్లు వాటిని చూసుకుని సరేనంటేనే సున్నా దగ్గర పక్క బూస్టర్లు అంటుకుంటాయి. బూస్టర్లను ఆపడం ఎవరి తరమూ కాదు గనక ఆ ఆరు సెకన్లే చివరి అవకాశం. 1994 ఆగస్టు 18న ఎండెవర్ 1.9 సెకన్లుండగా ఆగింది. ఒక ఇంజిన్‌లో ఆక్సిజన్ పంపు టర్బైన్ హద్దు మించి వేడెక్కింది. మళ్లీ లేచింది సెప్టెంబరు 30న. ఇలా ఆగినప్పుడు వ్యోమగాములు వెంటనే దిగి పరుగెత్తరు. ఎందుకంటే హైడ్రోజన్ మంట పగటిపూట కంటికి ఆనదు. 1984లో డిస్కవరీ ఆగినప్పుడు ప్యాడ్ మీద అలాంటి మంటే రేగింది, నీళ్లు చిమ్మి ఆర్పారు.

ప్రశ్న: శ్రీహరికోట ప్రయోగాలూ ఇలాగేనా? చూడటానికి వద్దామనుకుంటున్నాం. (అనంతపురం)

జవాబు: సూత్రం అదే. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2ను 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆపారు, 22న పంపారు. 2013 ఆగస్టు 19న జీఎస్ఎల్వీ-డి5 రెండో దశలో ఇంధనం కారడంతో 74 నిమిషాల ముందు ఆపి, 2014 జనవరి 5న పంపారు. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షా వాహనాన్ని 5 సెకన్ల ముందు కంప్యూటర్ ఆపినా, అదే ఉదయం 10 గంటలకు ఎగిరింది. అది ఏ కక్ష్యనూ అందుకోనక్కర్లేదు కాబట్టి వేళ పట్టింపు లేదు. శ్రీహరికోటలో జనం కూర్చుని చూసే గ్యాలరీకి ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోండి. సూళ్లూరుపేట నుంచి తిరుగు రైలు అదే పూటకు పెట్టుకోకండి.